చిన్నాయన చూడని పచ్చ

మొన్న వానాకాలంలో మా చిన్నాయన దినాలకు తాండూరు వెళ్ళివచ్చాను. నిండుగా బతికి పోయిన మనిషి. పోయే ముందురోజు కూడా జొన్నరొట్టె తిని, మిరపకాయ తొక్కులో ఉప్పు తక్కువైందని చిన్నమ్మకు చెప్పాడట. అందుకని ఆ ఇంట్లో ఏడుపుల కంటే కబుర్లే ఎక్కువగా వినిపించాయి. భోజనాలయ్యాక నాపరాళ్ళు పరిచిన అరుగు మీద చిన్నమ్మ పక్కన కూర్చున్నాను. చిన్నాయన మునిమనుమరాలు, బడికి పోయే పిల్ల, నా మోకాలి మీద చెయ్యి వేసి అడిగింది: "అవ్వా, తాతకు ఆకుపచ్చ రంగు కనపడకపోతుండెనంట, నిజమేనా? మరి చెట్లు ఎట్ల కనపడ్తుండె?" చిన్నమ్మ నవ్వి, ముందు సంగతి నాకే తెలుసునని, అప్పటికి తానింకా మా ఇంటి కోడలు కాలేదని చెప్పింది. నేను మొదలుపెట్టాను. సగంలోనే బస్సు వేళయింది. ఆ పిల్లకు బాకీ పడిన సగంతో కలిపి మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

మా ఇల్లు వికారాబాదులో, రైలు కూత వినిపించేంత దూరంలో ఉండేది. పొలం మోమిన్‌పేట దారిలో. ఇంట్లో నాయన, అమ్మ, నేను, నాయన తమ్ముడైన చిన్నాయన, వాళ్ళిద్దరినీ కన్న మా నాయనమ్మ. తాత నేను పుట్టకముందే పోయాడు కాబట్టి పెత్తనమంతా నాయనమ్మదే. తెల్లవారుతూనే ఆమె పేడనీళ్ళతో వాకిట్లో అలుకు చల్లేది. అది ఆరేదాకా వాకిలంతా పచ్చగా మెరుస్తూ, నమిలిన గడ్డి వాసన వేసేది. తర్వాత చాట ముందు పెట్టుకుని పుంటికూర ఆకులు తుంపేది. తుంపుతుంటే వేళ్ళ నుంచి పులుపు వాసన లేచేది, ముంజేతి మీద పచ్చబొట్టు తేలు అటూ ఇటూ పాకేది. ఆ తేలు తోక మీద నేను వేలు పెట్టి "కుడ్తదా?" అని అడిగేదాన్ని. మాట వినని పిల్లలనే కుడుతుందని ఆమె ప్రతిసారీ ఒకే జవాబు చెప్పేది. మధ్యాహ్నానికి పచ్చిపులుసు, రొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు. రోట్లో ఆ కాయలు నలుగుతుంటే అరుగు మీద కూర్చున్నవాళ్ళందరం తుమ్మేవాళ్ళం.

నాయనమ్మ లెక్కలో రంగులు ఎక్కువ ఉండేవి కావు. పసుపుకొమ్ము పచ్చే, చిలకా పచ్చే. మేం తినే పచ్చజొన్నలు చూడబోతే పసుపు రంగువి, జొన్న చేనేమో ఆకుపచ్చది, రెండూ ఆమెకు పచ్చే. మరీ తప్పదంటే "ఆకుపచ్చ" అని విడమరిచి చెప్పేది. పొయ్యిలో అంటుకోక పొగ పెట్టేది పచ్చికట్టె, కాచనివి పచ్చిపాలు, కొత్తగా కన్నది పచ్చి బాలింత, పక్కింటామె చెప్పింది పచ్చి అబద్ధం. కాళ్ళకు దండం పెడితే "పచ్చగ బతుకుండ్రి" అనేది. నాయన చదువంతా ఉర్దూలో సాగింది కాబట్టి పీర్లకు కట్టే ఆకుపచ్చ గుడ్డ రంగును ఆయన హరా అనేవాడు. చిన్నాయన మొదట ఉర్దూలో చదివి, రాజ్యం మారాక అదే బడిలో తెలుగు అక్షరాలు దిద్దుకున్నవాడు. ఆయన నోట్లో రెండూ కలిసిపోయేవి. ఇన్ని పచ్చల మధ్య ఒక మనిషికి పచ్చ కనిపించడం లేదని ఎవరికి తెలుస్తుంది? ఆకును చూపిస్తే పచ్చ అనేవాడు, పసుపును చూపిస్తే పచ్చ అనేవాడు. మేమూ అంతే కదా.

కాని చేనుకు పోయివస్తే మాత్రం ఆయన మీద నాయనమ్మకు ఏదో ఒక ఫిర్యాదు ఉండేది. పండుమిరపకాయలు తెంపుకు రమ్మంటే సంచిలో సగం పచ్చివే. పైగా అందరికంటే ఆలస్యం. ఒక్కొక్క కాయనూ వేళ్ళతో ఒత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని మరీ తెంపేవాడు. ఎండలు ముదిరే ముందు అనంతగిరి దారిలో మోదుగులు పూస్తే కొండ పక్కలు మండుతున్నట్టుండేది. నేను గంతులేస్తూ చూపిస్తే "ఆఁ, ఆఁ" అనేవాడు కాని, కళ్ళు ఎక్కడో వెతుకుతూ ఉండేవి. చెట్టు మీద చిలకలు వాలితే అరుపు విని తలెత్తేవాడు, అవి ఎగిరేదాకా ఆయనకు ఆనేవి కావు. "వీని ధ్యాస యాడుంటదో" అనేది నాయనమ్మ. ఇంటిల్లిపాదికీ ఆయన పరధ్యానం మనిషి. ఆయన కూడా తనను గురించి అదే నమ్మాడు.

ఆయన ధ్యాస నిజంగా ఉన్నది రైళ్ళ మీద. సాయంత్రం పూట నన్ను వెంటబెట్టుకుని జంక్షనుకు పోయేవాడు. బొగ్గు పొగ, వేడి ఆవిరి, వేయించిన పల్లీల వాసన కలిసిన గాలిలో ప్లాట్‌ఫారం చివర నిలబడి గార్డునే చూసేవాడు. తెల్ల కోటు, మెడలో ఈల, చేతిలో రెండు జెండాలు. గార్డు ఈల వేసి జెండా చాపగానే బండి కదిలేది. ఒక చిన్న గుడ్డ ఊపితే అంత పెద్ద బండి మాట వింటుందని ఆయనకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే. తాను కూడా గార్డు కావాలని నాతో తప్ప ఎవరితోనూ అనలేదు. అన్నంత పనీ చేశాడు. అర్జీ పెట్టాడు, రాత పరీక్షకు కూర్చున్నాడు, పాసయ్యాడు. ఆ కబురు మా ఇంటి కంటే ముందు చుట్టాల ఇళ్ళకు చేరింది. తాండూరు నుంచి సంబంధం వచ్చింది. పిల్ల పేరు శరణమ్మ. వాళ్ళకు కంది చేన్లున్నాయి, ఇంట్లో కన్నడం, తెలుగు రెండూ మాట్లాడతారు. నాయనమ్మ పోయి చూసి, పిల్ల నచ్చిందని తాంబూలం పుచ్చుకుని వచ్చింది. ఇక మిగిలింది డాక్టరు పరీక్ష ఒక్కటే.

ఆ పరీక్షకు నాయన ఆయన్ను లష్కర్‌కు తీసుకుపోయాడు. సికింద్రాబాదును మేమప్పుడు అట్లాగే అనేవాళ్ళం. సాయంత్రం బండికి తిరిగివచ్చారు. చిన్నాయన చెప్పులు విప్పి, కాళ్ళు కూడా కడుక్కోకుండా గడప మీద కూర్చున్నాడు. నాయన చేతిసంచి చిలక్కొయ్యకు తగిలించి నాయనమ్మకు చెప్పాడు. రంగురంగుల ఉన్ని దారాలు ముందు పోసి ఒక్క తీరువి ఏరమంటే తప్పు ఏరాడట. చీకటి గదిలో ఎర్రదీపం చూపించి ఏ రంగని అడిగితే పచ్చ అన్నాడట. మళ్ళీ చూపించినా అదే చెప్పాడట. చూపు బాగానే ఉంది కాని రంగులు తెలియవని, పుట్టుకతో వచ్చినదని, దీనికి మందు లేదని డాక్టరు చెప్పాడట. నాయనమ్మకు ఒక్క ముక్క కూడా నమ్మబుద్ధి కాలేదు. అంత దూరం ప్రయాణం చేసి భయపడి ఉంటాడని అంది. పొద్దున లేచి తానే చూస్తానంది.

పొద్దున ఆమె అలుకు చల్లి, చేతులు కడుక్కుని, చాటలో మిరపకాయలు పోసుకుని వచ్చింది. అప్పుడే చేను నుంచి వచ్చినవి, పండువీ పచ్చివీ కలిసి ఉన్నవి. చాట చిన్నాయన ముందు పెట్టి పండువి ఏరమంది. ఆయన అలవాటుగా ఒక కాయ తీసి ఒత్తబోయాడు. నాయనమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ముట్టకుండ సూపెట్టు కొడకా."

చిన్నాయన చాట వంక చాలాసేపు చూశాడు. ఎండ నేరుగా దాని మీదే పడుతోంది. నాకు ఎర్రనివి ఎర్రగా, పచ్చనివి పచ్చగా కళ్ళలో గుచ్చుకుంటున్నాయి. చెప్పేద్దామని నోరు తెరిస్తే అమ్మ నా భుజం పట్టుకుంది.

"అన్ని ఒక్క తీరుగనే కొడ్తున్నయమ్మా. నాకు ఎప్పుడన్న గిట్లనే."

"మరి ఇన్నొద్దులు ఎందుకు చెప్పకపోతివి?"

"మీకు గూడ గిట్లనే కనపడ్తయనుకున్న."

నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన కడుపులో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయట తిరిగానేమోనని కాసేపు తనను తాను తిట్టుకుంది. తర్వాత చాట తన వైపు లాక్కుని, ఒక్కొక్క కాయ ఏరుతూ, ఇన్నేళ్ళూ పరధ్యానమని కొడుకును అన్న మాటలన్నీ గుర్తు చేసుకుని కళ్ళు తుడుచుకుంది. చిన్నాయన మాత్రం ఏడవలేదు. ఆ రోజంతా ఇంట్లో ఒక్కొక్క వస్తువూ నా దగ్గరికి తెచ్చి ఏ రంగని అడిగాడు. కొత్త ఊరికి వచ్చిన మనిషి వీధుల పేర్లు అడిగినట్టుగా అడిగాడు. గార్డు పని పోయినందుకు బాధ ఉండే ఉంటుంది. కాని ఆ సాయంత్రం కూడా జంక్షనుకు పోవడం మాత్రం మానలేదు. జెండా ఇప్పుడు చాపాడు, బండి కదిలింది కాబట్టి అది పచ్చది, అవునా అని నన్ను అడిగి నవ్వాడు. ఇన్నాళ్ళూ ఆయన జెండాలను అట్లాగే గుర్తుపట్టాడన్నమాట.

పెద్ద చిక్కు తాండూరు వాళ్ళకు ఏం చెప్పాలన్నది. నౌకరి రాలేదన్న సంగతి ఎట్లాగూ తెలుస్తుంది, ఖాళీలు లేవంట అంటే సరిపోతుంది, కళ్ళ సంగతి ఎత్తవద్దని నాయనమ్మ, నాయన అనుకున్నారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. కళ్ళలో లోపమని ఒక్క మాట బయటపడితే అది ఊరు దాటేసరికి గుడ్డివాడని అవుతుంది. ఆ సంబంధమే కాదు, తర్వాత ఏ సంబంధమూ రాదు. చిన్నాయన అన్నం ముందు కూర్చుని, చెప్పకుండా తాను పీటల మీద కూర్చోనన్నాడు. రేపు ఆ పిల్ల ఏదో ఒక కూర తెమ్మంటే తాను ఇంకోటి తెస్తాడు, అప్పుడు ఆమె ఏమనుకోవాలి అన్నాడు. నాయనమ్మ బండి చార్జీలకు కొంగుముడి విప్పింది. మూడోనాడు నాయన, చిన్నాయన పొద్దటి బండికి బయలుదేరారు. పిల్ల ఉంటే పెద్దవాళ్ళ గొంతులు లేవవని నాయనమ్మ నన్ను కూడా వెంట పంపింది.

వాళ్ళ ఇల్లు ఇప్పుడు నేను దినాలకు పోయిన ఇల్లే. అప్పుడే పరిచిన నాపరాళ్ళు కాలికి చల్లగా తగిలేవి. శరణమ్మ తండ్రిని తర్వాత నేను తాండూరు తాత అని పిలిచాను. పెద్ద మీసాలు, తక్కువ మాటలు. నాయన చెప్పలేక చెప్పలేక తడబడుతుంటే చిన్నాయనే అందుకుని, ఎరుపు, పచ్చ తనకు వేరువేరుగా కనిపించవని, అందుకే నౌకరి పోయిందని, మిగతా చూపంతా బాగానే ఉందని ఏదీ దాచకుండా చెప్పాడు. తాండూరు తాత మీసం తడుముకున్నాడు. లోపలి నుంచి ఆయన తల్లి కన్నడంలో ఏదో అడిగింది, ఆయన "హౌదు" అని తలూపాడు. నాయన కండువా అంచు మెలిపెడుతున్నాడు. చివరికి తాత ఒక్క ప్రశ్న అడిగాడు.

"రేపు కంది చేను పండిందో లేదో నీకెట్ల ఎరుకైతది?"

"కొరికి చూస్త మామా."

తాత ముఖంలో నవ్వు రావడానికి కొంచెం సమయం పట్టింది. తానూ కొరికే చూస్తానన్నాడు. అయినా సరేనని అనలేదు. ఇంట్లో అడిగి చెబుతానని లేచాడు.

అంతలో వంటింట్లో నుంచి ఎవరో నన్ను సైగ చేసి పిలిచారు. పోయి చూస్తే శరణమ్మ. పొయ్యి దగ్గర పచ్చి పెసరకాయలు ఉడుకుతున్నాయి, ఆ తియ్యని వాసన గదంతా నిండింది. ఆమె ఒక గుప్పెడు కాయలు నా చేతిలో పోసి, పక్కన కూర్చోబెట్టుకుంది. గొంతు తగ్గించి అడిగింది.

"మీ చిన్నాయనకు నా మొకం కనపడ్తదా?"

"కనపడ్తది."

"నేను నవ్వితే తెలుస్తదా?"

"తెలుస్తది. చిన్నాయనకు అన్ని తెలుస్తయి, పచ్చ ఒక్కటే తెల్వది."

"మరింకేంది" అంది ఆమె. లేచి వాళ్ళ అవ్వ దగ్గరికి పోయి కన్నడంలో రెండు ముక్కలు చెప్పింది. ఆ ముసలామె బయటికి వచ్చి కొడుకు చెవిలో చెప్పింది, ఆయన సరేనన్నాడు. మేం వచ్చేటప్పుడు నాయన నడకే మారిపోయింది. బండిలో కిటికీ పక్కన కూర్చుని చిన్నాయన నన్ను ఆ పిల్ల ఏమడిగిందో చెప్పమన్నాడు. చెప్పాను. మళ్ళీ చెప్పమన్నాడు. వికారాబాదు వచ్చేదాకా అదే పని.

పెండ్లికి ముందు ఇంకొక గడబిడ జరిగింది, దాన్ని తలుచుకుని మా రెండిళ్ళవాళ్ళం ఇప్పటికీ నవ్వుకుంటాం. ముహూర్తానికి పిల్లకు హసిరు చీర, హసిరు గాజులు ఉండాలని శరణమ్మ అవ్వ కబురు చేసింది. ఆ మాట పట్టుకొచ్చిన పెద్దమనిషి తెలుగులో పచ్చచీర అని చెప్పాడు. నాయనమ్మ మంచి పట్టుచీర, పసుపు రంగుది, ముచ్చటపడి కొన్నది. పెండ్లి పందిట్లో పెట్టె తెరిచేసరికి ముసలామె దిగ్గున లేచింది. ఇది హసిరు ఎట్లా అవుతుందని ఆమె, ఇది పచ్చ కాకపోతే మరేమిటని నాయనమ్మ. ఒకరి భాష ఒకరికి సగమే అర్థమవుతోంది. హసిరంటే ఆకుపచ్చ అని తేలాక నాయన అప్పటికప్పుడు బజారుకు పరుగెత్తి ఆకుపచ్చ చీర తెచ్చాడు. నుదుట బాసికంతో కూర్చున్న చిన్నాయన, నాయనమ్మను దగ్గరికి పిలిచి, "నేనొక్కన్నే అనుకున్న. మీకెవ్వలికి గూడ పచ్చ తెల్వదు గదా" అన్నాడు. నాయనమ్మ పందిరి అని కూడా చూడకుండా కొడుకు వీపు మీద ఒక్కటిచ్చి పకపకా నవ్వింది. లష్కర్ నుంచి వచ్చినప్పటి నుంచీ ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు.

తర్వాత చిన్నాయన తాండూరులోనే ఉండిపోయి కంది చేన్లు చూసుకున్నాడు. సెలవులు వస్తే నన్ను పట్టడం ఎవరి వల్లా కాకపోయేది, బండెక్కి అక్కడికే. ఆ ఇంట్లో అలవాట్లు వేరు. కూరలు చిన్నమ్మ ఏరిపెట్టేది, దండెం మీద ఆయన చొక్కాలు ఏది ఏ రంగో తెలిసేటట్టు ఎప్పుడూ ఒకే వరసలో ఆరేసేది. పొద్దుగూకే ముందు ఇద్దరూ చేను గట్టు దాకా పోయేవారు. ఆయన, ఈ రోజు చేను ఎట్లా ఉన్నదని అడిగేవాడు. పచ్చగా ఉన్నదంటే ఒప్పుకునేవాడు కాదు. అందుకని చిన్నమ్మ వెతికి వెతికి చెప్పేది. పెసర ఆకు తడిసిన నాపరాయిలా కమ్ముకున్నదని, జొన్న మొలక పాలు తాగే దూడ నాలుకంత మెత్తగా ఉన్నదని, కంది పూత కింద ఆకు వగరుగా ఉన్నదని. ఆమె బడి ముఖం చూడలేదు. నేనేమో తర్వాత చాలా రాశాను, కాని కనిపించేదాన్ని కనిపించనివాళ్ళకు చెప్పాలంటే ఎంత ఓపిక కావాలో మొదట చూసింది ఆ గట్టు మీదే. నాయనమ్మ పోగుచేసి ఒక్క మాటలో పెట్టిన పచ్చలన్నిటినీ చిన్నమ్మ విడదీసి ఒక్కొక్కటిగా ఆయన చేతిలో పెట్టేది.

ఇప్పుడు కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ వైపు పోతే దుమ్ము పడి కంది ఆకులు బూడిద రంగులో ఉంటున్నాయి, వాన కడిగిననాడే వాటి అసలు రంగు తెలుస్తుంది. వాకిళ్ళకు సిమెంటు వచ్చింది, అలుకు వాసన పోయింది. పోయినందుకు నేను మరీ బాధపడను. ఆ పేడ మోసిన నడుములు నాకు తెలుసు. రంగులు తెలియనివాళ్ళు ఎంతోమంది ఉంటారని, అది మగపిల్లలకు తల్లివైపు నుంచి వస్తుందని ఇప్పుడు బడిపిల్లలకు కూడా తెలుసు. నాయనమ్మ ఉంటే గ్రహణం పేరు చెప్పి తనను తాను తిట్టుకునే అవసరం ఉండేది కాదు. చిన్నాయన కూతురి కొడుకుకు కూడా ఇదే ఉంది. ఒకరోజు వాడు తన ఫోనును ఆకు మీద పెడితే అది రంగు పేరు పైకి చదివింది. తాతకు పనికొస్తుందని వాడి సంబరం. చిన్నాయన దాన్ని తోటంతా తిప్పించి విన్నాడు. ప్రతి చెట్టు దగ్గరా అది గ్రీన్, గ్రీన్ అనే అన్నది. ఫోను తిరిగి ఇచ్చేస్తూ, దీనికి మీ అమ్మమ్మంత మాటలు రావని మనుమడితో అన్నాడట. కాని ఆ పిల్లవాడు ఎవరి దగ్గరా ఏదీ దాచుకోకుండా పెరిగాడు, తన సంగతి నవ్వుతూ చెబుతాడు. అప్పటినీ ఇప్పటినీ తూచి చూస్తే తక్కెడ ఈ వైపే మొగ్గుతుంది.

వాళ్ళ పెండ్లయిన మొదటి శ్రావణంలో ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. ఎడతెరిపి లేకుండా కురిసి, ఒకనాడు మధ్యాహ్నం వాన ఆగింది. గుట్ట మీది దేవుడికి దండం పెట్టుకుందామని ముగ్గురం అనంతగిరికి నడిచాం. ఎక్కి ఎక్కి ఒక మలుపు దగ్గర చెట్లు విడిపోయి లోయంతా ఒక్కసారిగా కనిపించింది. కింద నుంచి పై దాకా అడవి తడిసి నిలబడి ఉంది. ఎండ ఇట్లా పడి అట్లా పోయింది. నేనూ చిన్నమ్మా నడక మరిచిపోయి నిలబడిపోయాం. ఉన్నట్టుండి నాకు చిన్నాయన గుర్తొచ్చి ప్రాణం చివుక్కుమంది. తిరిగి చూస్తే ఆయన లోయను చూడడం లేదు, మమ్మల్ని చూస్తున్నాడు. చిన్నమ్మ కూడా గమనించి, ఎట్లా చెప్పాలో తనకు తోచడం లేదని, ఇంతటిదానికి తన దగ్గర మాట లేదని నొచ్చుకుంది.

"చెప్పకు" అన్నాడు చిన్నాయన. "పచ్చంటే ఏందో నాకు తెల్వది. గని దాన్ని చూసినప్పుడు మీ మొకాలు ఎట్లయితయో నాకు తెలుసు. అది మీకు తెల్వది."

చిన్నమ్మకు సిగ్గు ముంచుకొచ్చి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకోబోయింది. మళ్ళీ ఏమనుకుందో వదిలేసింది. లోయ వైపు తిరిగి, ఆయనకు బాగా కనిపించేటట్టు ముఖం ఎత్తి, చాలాసేపు అట్లాగే చూస్తూ నిలబడింది.